మిల్లుకీ ఆఫీసుకీ మధ్య నెట్టు, ఇంటర్‌కమ్: పిడుగు పడ్డాక మళ్ళీ ఎట్టా లాగాలి?

బుచ్చి_మిల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన రైస్ మిల్లు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. విషయం కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

రోడ్డు పక్కన ఆఫీసు, కాటా. దాని వెనక 60 మీటర్ల దూరంలో మిల్లు. మిల్లు ప్రహరీ దాటితే ఒక సందు, నగర పంచాయతీ వాళ్ళ సిమెంటు రోడ్డు. ఆ సందుకి అవతల పోయినేడు తమ్ముడు కట్టించిన గోడౌన్. ఆఫీసు నుంచి గోడౌన్ దాకా టేపు పెట్టి కొలిస్తే 170 మీటర్లు వచ్చింది. నెట్ కనెక్షన్ ఆఫీసుకే వస్తుంది, ఇంటర్‌కమ్ పెట్టె కూడా అక్కడే, 2 బయటి లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు. మిల్లులో బాయిలర్ దగ్గర, డ్రయ్యర్ దగ్గర, సార్టెక్స్ (రంగు మారిన బియ్యం గింజలు ఏరే యంత్రం) గదిలో, సూపర్‌వైజర్ బల్ల మీద ఒక్కో ఫోను, ఇంకా 6 కెమెరాలు. ఆఫీసుకీ మిల్లుకీ మధ్య ఒక క్యాట్ 6 నెట్ కేబులూ, ఫోన్ల కోసం ఒక 5 జతల కేబులూ జీఐ తీగకి కట్టి గాల్లో లాగి ఉండేవి.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. పిడుగు మా మీద పడలేదు, మిల్లు వెనక కొబ్బరిచెట్టు మీద పడింది, మొవ్వు మాడిపోయింది. మేం బతికాం అనుకున్నాం. తీరా చూస్తే ఆఫీసులో నెట్ కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ పోయింది, కెమెరాల రికార్డింగు పెట్టె (ఎన్‌వీఆర్) పోయింది, ఇంటర్‌కమ్ పెట్టెలో ఎక్స్‌టెన్షన్ల కార్డు పోయింది. వింత ఏమిటంటే చెట్టు పక్కనే ఉన్న మిల్లులో మోటార్లకి గానీ సార్టెక్స్‌కి గానీ ఏమీ కాలేదు, కేబుల్ అవతలి చివరనున్న స్విచ్ తప్ప. ఇంకో మాట, పిడుగుకి ముందు నుంచే ఆ క్యాట్ 6 చివరి ప్లగ్గు పట్టుకుంటే అప్పుడప్పుడు చెయ్యి జివ్వుమనేది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు మా దగ్గర పనిచేసే కుర్రాడు అదే కేబుల్ కొత్తది లాగుదాం, గోడౌన్‌కి మధ్యలో మిల్లులో ఒక స్విచ్ పెట్టి అక్కడి నుంచి మళ్ళీ లాగుదాం అంటున్నాడు. తమ్ముడేమో వైర్‌లెస్ అంటాడు, ఇంటర్‌కమ్ ఎందుకు, అందరికీ సెల్లులు ఉన్నాయి గదా అంటాడు. నాన్న ఇంటర్‌కమ్ తీసేస్తే ఒప్పుకోడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. బాయిలర్ దగ్గర షిఫ్టు మారితే మనిషి మారతాడు, సెల్ నంబరూ మారుతుంది. 12 నొక్కితే మాత్రం ఎవడున్నా బాయిలర్ వాడే ఎత్తుతాడు. పైగా లోపల రేకుల షెడ్డు, సిగ్నల్ అంతంతమాత్రం.

నెట్టూ ఫోనూ రెండూ మూడు చోట్లకీ వెళ్ళాలి, వచ్చే గాలివానకి మళ్ళీ కాలకూడదు. ఏం చెయ్యమంటారు?


కావలి_నెట్‌వర్కు:

ముందు మీ కుర్రాణ్ణి ఆపండి. అదే కేబుల్ మళ్ళీ లాగితే వచ్చే ఏడు ఇదే పోస్టు మళ్ళీ పెడతారు.

మిల్లులో కాలకుండా ఆఫీసులో ఎందుకు కాలిందో చెప్తాను. పిడుగు నేలలోకి దిగినచోట చుట్టుపక్కల నేల వోల్టేజీ ఒక్క క్షణం వేల వోల్టులు పైకి లేస్తుంది. మిల్లు ఎర్త్ గొయ్యి ఆ చెట్టు దగ్గరే ఉండి ఉంటుంది, కాబట్టి మిల్లులో ఉన్నవన్నీ దానితో పాటు లేచాయి. వరదలో పడవ లేస్తే అందులో ఉన్నవాళ్ళందరూ కలిసే లేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. పడవకీ గట్టుకీ కట్టిన తాడే తెగుతుంది. మీ తాడు ఆ రెండు కేబుళ్ళు. ఒక కొస మిల్లు ఎర్త్ దగ్గర, ఇంకో కొస ఆఫీసు ఎర్త్ దగ్గర. తేడా అంతా ఆ రాగి తీగ మీదుగా ప్రయాణం చేసి రెండు చివర్లా ఏం తగిలితే దాన్ని కాల్చింది. నెట్‌వర్క్ పోర్టు లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అవి 1500 వోల్టులు తట్టుకోవాలని ప్రమాణం. మామూలు తేడాలకి అది చాలు, పిడుగు ముందు ఎంత.

చెయ్యి జివ్వుమందన్నారు చూడండి, మీది బహుశా షీల్డు ఉన్న కేబుల్, ప్లగ్గు మీద రేకు తొడుగు ఉన్న రకం. ఆ షీల్డు రెండు బిల్డింగుల ఎర్తులనీ కలిపేసింది. మిల్లుకి ట్రాన్స్‌ఫార్మర్ వేరే, ఆఫీసుకి సర్వీసు వేరే అయితే రెండు ఎర్తుల మధ్య ఎప్పుడూ కొన్ని వోల్టుల తేడా ఉంటుంది, మిల్లు ఎర్త్ గొయ్యి ఎండిపోతే ఇంకా ఎక్కువ. ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందు ఆ రెండు గొయ్యిలూ చూపించండి, ఇది నెట్ పనికన్నా ముందు పని.

ఇక దూరం. రాగి కేబుల్‌తో ఈథర్‌నెట్ హద్దు 100 మీటర్లు, అందులోనే గోడ దగ్గర నుంచి స్విచ్ దాకా ఉండే చిన్న ముక్కలు కూడా కలుస్తాయి. 170 దానికి అందదు. మధ్యలో ఏ వైపూ 100 దాటకుండా స్విచ్ పెడితే దూరం సమస్య తీరుతుంది గానీ పిడుగు సమస్య రెండింతలవుతుంది, ఇప్పుడు ఒక తాడు, అప్పుడు రెండు.

కాబట్టి ఫైబర్. గాజు పోగులో కరెంటు పారదు, ఆ ఎర్త్ ఎంత లేచినా ఈ ఎర్త్‌కి తెలియదు. సింగిల్ మోడ్ (వెలుగు ఒక్క దారిలోనే పోయే సన్న పోగు రకం) తీసుకోండి, ఈ దూరానికి మల్టీమోడ్ కూడా పనిచేస్తుంది గానీ మన ఊళ్ళలో కేబుల్ టీవీ, నెట్ వాళ్ళందరూ వాడేది సింగిల్ మోడే కనక కేబులూ దొరుకుతుంది, అతుకు వేసే మనిషీ దొరుకుతాడు. 2 పోగులు చాలు, అయినా 4 పోగులది వెయ్యండి. తేడా కొద్దిగానే, రేపు ఒకటి తెగితే మళ్ళీ తవ్వే పని ఉండదు.

ఒక్క మెలిక. షాపువాడు గట్టిగా ఉంటుందని ఆర్మర్డ్ కేబుల్ అంటగడతాడు, దాని చుట్టూ ఉక్కు రేకు ఉంటుంది. గాల్లో లాగే చదును డ్రాప్ కేబుల్‌కి కూడా పక్కన మోతకి ఒక ఉక్కు తీగ ఉంటుంది. మీరు గాజు కదా అని ఫైబర్ వేసి, ఆ ఉక్కుని రెండు వైపులా లోపలికి తెచ్చి ర్యాక్‌కి బిగిస్తే మళ్ళీ తాడు కట్టినట్టే. లోహం లేని రకం అడగండి, లోపల ప్లాస్టిక్ కడ్డీ ఉండేది, ఎఫ్ఆర్‌పీ అంటారు. లేదా ఆ ఉక్కు తీగని బిల్డింగు బయటే కత్తిరించి ఆపెయ్యాలి.


అల్లూరు_రొయ్యలు:

మరీ అంత తవ్వకాలు ఎందుకు అన్నా. నాకు చెరువుల దగ్గర షెడ్డుకీ ఇంటికీ మధ్య 400 మీటర్లు, రెండు వైర్‌లెస్ యూనిట్లు ఎదురెదురుగా పెట్టి మూడేళ్ళయింది, కెమెరాలూ ఏరేటర్ల అలారం అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి 2018 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఒక పూటలో బిగించుకోవచ్చు. పంచాయతీ చుట్టూ తిరిగే పని లేదు, రోడ్డు కొట్టే పని లేదు.

ఎదురుగా కనపడాలి అంతే. కనపడటం అంటే కంటికి కనపడితే చాలదు, గీత చుట్టూ కాస్త ఖాళీ కావాలి. మీ 170 మీటర్లకి నడిమధ్యలో చుట్టూ ఒకటిన్నర మీటరు అడ్డం లేకుండా ఉంటే ఢోకా లేదు.


బుచ్చి_మిల్లు:

అన్నా, మీది చెరువు గట్టు, ఆకాశం తప్ప ఏముంది. మాకు మధ్యలో బాయిలర్ పొగగొట్టం, ఎలివేటర్ టవరు. అవి కదలవు, పక్కకి జరిగి పెట్టుకోవచ్చు. సందు పక్కన స్థలం వాళ్ళు మాత్రం ప్రతి కోతలకీ గడ్డివామి వేస్తారు, ఏడాదికోసారి అది మా గోడౌన్ కప్పు దాకా లేస్తుంది. వామి పెరిగే కొద్దీ నెట్ తగ్గుతుందా?


కావలి_నెట్‌వర్కు:

తగ్గుతుంది, వాన పడి గడ్డి తడిస్తే ఇంకా తగ్గుతుంది. అల్లూరు అన్న చెప్పింది తప్పు కాదు, ఆయన చోటికి అదే సరైనది, నీళ్ళ మీద ఫైబర్ ఎవడు లాగుతాడు. మీ చోట ఊక బూడిద కూడా ఎగురుతుంది. ఇంకోటి, వైర్‌లెస్ అంటే వైరు లేదని కాదు. కప్పు మీద యూనిట్‌కి కరెంటు పంపేది కిందనుంచి వెళ్ళే రాగి కేబులే. ఊరిలో అందరికన్నా ఎత్తున ఒక ఇనప పైపు నిలబెట్టి దాని నుంచి స్విచ్‌లోకి రాగి తీగ దింపుతున్నారు, పిడుగు కోణంలో ఆలోచించండి. సర్జ్ అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్ళించేది), పైపుకి విడిగా ఎర్తింగు లేకుండా పెట్టకూడదు. ఫైబర్ ఎప్పుడైనా తెగితే నాలుగు రోజులు నెట్టుకురావడానికి ఒక జత కొని పెట్టుకోండి, అంతవరకు మంచిదే.


పాత_ఎక్స్ఛేంజి:

ఒంగోలు నుంచి రాస్తున్నాను. టెలిఫోన్ల శాఖలో చేరాను, 2000 అక్టోబరులో అది బీఎస్ఎన్ఎల్ అయ్యాక కూడా చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. కుర్రవాళ్ళు నెట్ గురించి బాగా చెప్పారు, ఫోన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని రాస్తున్నాను.

బాబూ, మీ నాన్నగారు చెప్పింది నిజం. సెల్లు మనిషిది, ఇంటర్‌కమ్ చోటిది. దాన్ని తీసెయ్యకండి.

పాత ఫోనుకి దూరం సమస్యే కాదు. అర మిల్లీమీటరు రాగి జత కిలోమీటరు పోయి వస్తే రెసిస్టెన్సు 180 ఓములు చిల్లర, మీ 170 మీటర్లకి 30 ఓములు. ఎక్స్ఛేంజి నుంచి నాలుగైదు కిలోమీటర్లు లాగి మాట్లాడించిన వాళ్ళం, మాకు ఇది ఒక లెక్క కాదు. పైగా ఆ ఫోనుకి విడిగా కరెంటు అక్కర్లేదు. పెట్టె దగ్గర బ్యాటరీ ఉంటే చాలు, ఊరంతా చీకటైనా మోగుతుంది. మోగేటప్పుడు 75 వోల్టులు, సెకనుకి 25 సైకిళ్ళు. స్తంభం ఎక్కి పళ్ళతో తీగ ఒలిచేటప్పుడు ఎవడో ఫోను చేస్తే తెలిసేది ఆ 75 అంటే ఏమిటో!

కాబట్టి రాగి మీదే ఫోను నడపాలని పట్టుబడితే దారి ఉంది. గాల్లో కాకుండా భూమిలో జెల్లీ కేబుల్ (నీరు దిగకుండా లోపల జెల్లీ నింపినది) వేసి, రెండు బిల్డింగుల్లోనూ లోపలికి వచ్చేచోటే ప్రతి జతకీ, వోల్టేజీ పెరిగితే ఎర్త్‌లోకి వదిలేసే గ్యాస్ ట్యూబు అరెస్టరు పెట్టాలి, దాన్ని ఆ బిల్డింగు ఎర్త్‌కి పొట్టి తీగతో కలపాలి. పొట్టి అంటే పొట్టే, పది మీటర్లు తిప్పి తిప్పి కడితే అది అలంకారానికి పనికొస్తుంది. మా ఎండీఎఫ్‌ల (ఎక్స్ఛేంజిలోకి వచ్చే తీగలన్నీ కలిపే చట్రాలు) మీద ప్రతి జతకీ ఇది ఉండేది, అయినా ప్రతి వానాకాలం కార్డులు మార్చేవాళ్ళం. ఇది రక్షణ, హామీ కాదు.

మీకు ఎటూ ఫైబర్ వేస్తున్నారు, ఎటూ ఎక్స్‌టెన్షన్ల కార్డు పోయింది. నేనైతే ఫోన్లని కూడా ఆ గాజులోనే పంపిస్తాను. రెండు విధాలు. ఒకటి, పాత పెట్టెకి కార్డు మార్చుకుని, ఆఫీసులో ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే (పెట్టె లైన్లని నెట్‌లోకి ఎక్కించేది) ఒకటి, మిల్లులో ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వే (నెట్ నుంచి దించి మామూలు ఫోనుకి ఇచ్చేది) ఒకటి పెట్టి పోర్టుకి పోర్టు జత చెయ్యడం. మిల్లులో పాత ఫోన్లే ఉంటాయి, పెట్టెకి మాత్రం పక్కగదిలో ఉన్నట్టే అనిపిస్తుంది. రెండోది, చిన్న ఐపీ పీబీఎక్స్ (నెట్ మీద నడిచే ఇంటర్‌కమ్ పెట్టె) కొని ఆఫీసులో పెట్టి, బయటి 2 లైన్లు దానికి కలిపి, మిల్లులోనూ గోడౌన్‌లోనూ ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వేలకి పాత ఫోన్లు తగిలించడం. కార్డు ధరా గేట్‌వేల ధరా కలిపి చూస్తే రెండోదే మేలు కావచ్చు, అడిగి చూడండి. ఏది చేసినా నంబర్లు మార్చకండి. బాయిలర్ 12 అయితే 12 గానే ఉండాలి, గోడ మీద పెయింటు వేసిన నంబరు మార్చడం ఐపీ పీబీఎక్స్ బిగించడం కన్నా కష్టం.

ఒక ఫోను సంభాషణకి సెకనుకి ఒక్కో వైపు 90 కిలోబిట్ల లోపే పడుతుంది. పది సంభాషణలు ఒకేసారి నడిచినా ఒక్కో వైపు 1 మెగాబిట్ దాటదు. కెమెరాలు మాత్రం పైపు నింపేస్తాయి, అందుకని ఫోన్లకి విడిగా ఒక వీల్యాన్ (అదే కేబుల్లో వేరు చేసిన దారి) చేసి ముందు దారి వాటికి ఇమ్మనండి, లేకపోతే మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది.

చివరిది, ఇదే అందరూ మరిచేది. రాగి ఫోను కరెంటు లేకపోయినా పనిచేసేది, గాజు ఫోను పనిచెయ్యదు. మిల్లులో స్విచ్, కన్వర్టరు (ఫైబర్ వెలుగుని మామూలు నెట్ కేబుల్లోకి మార్చే డబ్బా), గేట్‌వే మూడింటికీ యూపీఎస్ ఉండాలి. బాయిలర్ దగ్గర ఏదైనా జరిగేది కరెంటు పోయినప్పుడే, అప్పుడే ఫోను మూగబోతే నాన్నగారి తిట్లు మీరు పడాలి, నేను కాదు.


స్ప్లైసింగ్_కుర్రోడు:

సార్ చెప్పింది కరెక్టు. నాది సింగరాయకొండ, రోజూ చేసేది ఇదే పని కాబట్టి చేతితో చేసే సంగతులు చెప్తాను.

గాల్లో లాగొద్దు. కారణం పిడుగు కాదు, గడ్డి ట్రాక్టరు. వరిగడ్డి లోడు వేసుకుని సందులో వచ్చే ట్రాక్టరు ఎంత ఎత్తున ఉంటుందో డ్రైవర్‌కే తెలియదు. మేం కోతల సీజన్లో కట్టే అతుకుల్లో సగం గడ్డి లోడ్లు తెంపినవే. కరెంటు స్తంభాలకి కడదాం అనుకోవద్దు, వాళ్ళ అనుమతి లేకుండా కడితే వాళ్ళే కోసి పడేస్తారు. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ స్తంభాల మీదే పోతుంది గదా అంటారు కొందరు, అది ప్రభుత్వ ప్రాజెక్టు, మనం కాదు. భూమిలోంచి పోండి. సందు దాటేచోట నగర పంచాయతీలో దరఖాస్తు పెట్టి రోడ్డు కటింగుకి డబ్బు కట్టాలి. సిమెంటు రోడ్డు కొట్టకుండా కింద నుంచి పైపు తోసేవాళ్ళు ఉంటారు, బోరు పైపులు వేసే మేస్త్రీలని అడగండి.

నల్ల హెచ్‌డీపీఈ పైపు వెయ్యండి, పొలానికి నీళ్ళు లాగే రకమే పనికొస్తుంది. లోతు మీ ఆవరణలో రెండున్నర మూడు అడుగులు ఉంటే చాలు, సందులో ఇంకా లోతుకి పొండి. రైస్ మిల్లు అంటున్నారు కాబట్టి ఒకటి గట్టిగా చెప్తున్నా, పందికొక్కులు. పైపు రెండు మూతులూ ఇనప జాలీ పెట్టి సిమెంటుతో మూసెయ్యాలి, లోపలికి దూరితే కేబుల్ కొరికేస్తాయి. పైపులో కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా వేసి వదిలేయండి, రేపు ఇంకోటి లాగాలంటే అదే దిక్కు. రెండు చివర్లా ఐదేసి మీటర్లు చుట్ట చుట్టి పెట్టండి, అతుకు తప్పితే కత్తిరించుకోవడానికి.

కన్వర్టర్లు జతగా కొనాలి. ఒకే పోగు మీద రాకపోకలు రెండూ జరిగే రకంలో ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో వింటుంది, రెండోది దానికి తలకిందులు. పెట్టె మీద ఏ, బీ అని ఉంటుంది. 20 కిలోమీటర్లది చాలు, 170 మీటర్లకి పెట్టినా ఏమీ కాదు. 80 కిలోమీటర్లది ఎక్కువ శక్తిది కదా అని తీసుకుంటే అవతలి కన్వర్టరు కన్ను చెదిరిపోతుంది, మధ్యలో వెలుగు తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాల్సొస్తుంది. అన్నట్టు పోగు చివర కన్ను పెట్టి వెలుగు వస్తోందా అని చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనపడదు, కంటికి మాత్రం దెబ్బ.


బుచ్చి_మిల్లు:

నెల పైన అయింది, అందరికీ బదులు ఇవ్వాలి గదా.

ముందు ఎర్తులు. ఎలక్ట్రీషియన్ మిల్లు ఎర్త్ గొయ్యి మూత తీస్తే లోపల ఊక. ఎన్నేళ్ళ నుంచి నీళ్ళు పొయ్యలేదో. రెండు గొయ్యిలూ కొత్తగా వేయించాం.

ఫైబర్ వేశాం. 4 పోగుల సింగిల్ మోడ్, లోహం లేనిది. నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండు షాపుల్లో ఆర్మర్డే మంచిదని వాదించారు, మూడో షాపులో దొరికింది. ఆఫీసు నుంచి మిల్లుకి ఒకటి, మిల్లు నుంచి గోడౌన్‌కి ఒకటి. గోడౌన్ పోగుల్ని మిల్లు స్విచ్‌లోకి దించకుండా మిల్లు పెట్టెలోనే అతికించి నేరుగా ఆఫీసుకి పంపించాం, అందుకని మిల్లులో కరెంటు పోయినా గోడౌన్ నెట్ పోదు. ఈ ఐడియా అతుకు వేసిన అబ్బాయిది. మిల్లుకి 1 పోగు, గోడౌన్‌కి 1 పోగు, 2 మిగిలాయి. నగర పంచాయతీ అనుమతికి మూడు సార్లు తిరిగాం, వచ్చింది. బోరు మేస్త్రీ ఒక పూటలో సందు కింద పైపు తోసేశాడు.

ఆ తర్వాత ఒకటిన్నర రోజు నెట్ రాలేదు, దాని కథ చెప్పుకోవాలి. కన్వర్టర్లు రెండు జతలు తెచ్చాం, మావాడు డబ్బాలన్నీ ఒకేసారి విప్పి బల్ల మీద పెట్టేశాడు. మిల్లు లింకుకి రెండు వైపులా ఏ, గోడౌన్ లింకుకి రెండు వైపులా బీ పడ్డాయి. మిల్లు లింకులో రెండు వైపులా 1310లో అరుస్తున్నాయి, 1310 వినేవాడు లేడు; గోడౌన్ లింకులో 1550తో అదే కథ. అది దొరికాక మిల్లు లింకు లైటు వెలిగింది, గోడౌన్‌ది వెలుగుతుంది, ఆరిపోతుంది. పవర్ మీటరు పెట్టి చూస్తే ఉండాల్సినదానికన్నా చాలా తక్కువ వెలుతురు వస్తోంది. అతుకు బాగాలేదేమోనని తీసి మళ్ళీ వేశాడు పాపం, అదే తంతు. చివరికి చూస్తే గోడౌన్ పెట్టెలో ఆకుపచ్చ కనెక్టరు, కన్వర్టరుకి నీలం. నెట్ కంపెనీల డబ్బాల్లో ఉండేది ఆకుపచ్చ, దాని మొహం కాస్త వాలుగా కోసి ఉంటుందట. నీలంది వాలు లేనిది, రెండు మొహాలూ సరిగ్గా ఆనవు. లోపలికి టక్కుమని పడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నీలంది పెట్టగానే లైటు నిలబడింది.

ఫోన్లకి పెద్దాయన చెప్పిన రెండో దారి పట్టాం, కార్డుకి చెప్పిన ధర విన్నాక వేరే ఆలోచన రాలేదు. చిన్న ఐపీ పీబీఎక్స్ ఆఫీసులో, మిల్లులో 4 పోర్టుల గేట్‌వే, గోడౌన్‌లో ఇంకోటి. పాత ఫోన్లే, పాత నంబర్లే. గోడౌన్‌కి 31, 32 ఇచ్చాం. గోడౌన్ కూడా మా ఫర్మ్ పేరు మీదే ఉంది కనక నెట్ పంచుకోవడంలో పేచీ లేదు. ఒక్క తేడా వచ్చింది, మొదట్లో 12 నొక్కాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాతే మోగేది. నాన్న మూడుసార్లు పెట్టేసి మళ్ళీ చేసేవాడు. ఇంకా అంకెలు నొక్కుతారేమోనని గేట్‌వే ఎదురుచూస్తోందట, రెండంకెలు చాలని డయల్ ప్లాన్‌లో రాశాక తగ్గిపోయింది.

యూపీఎస్ మాత్రం మొదట ఆఫీసుకే పెట్టాం, ఒప్పుకుంటున్నాను. మొన్న కరెంటు పోయినప్పుడు బాయిలర్ ఫోను చచ్చింది, నాన్న నడుచుకుంటూ వెళ్ళి వచ్చాడు. ఆ రోజు సాయంత్రమే మిల్లుకి కూడా తెచ్చాం.


పాత_ఎక్స్ఛేంజి:

సంతోషం బాబూ. ఆ 60 మీటర్ల పాత కేబుళ్ళు తీసేశారా, లేక ప్లగ్గు పీకి గోడకి వేలాడదీశారా? నిజం చెప్పండి.


బుచ్చి_మిల్లు:

వేలాడదీశాం సార్. ఎందులోనూ పెట్టలేదు గదా, ఏమవుతుందిలే అనుకున్నాం.


పాత_ఎక్స్ఛేంజి:

కొస స్విచ్‌కి ఎంత దూరంలో ఉంది? అడుగు ఉంటుందా? పిడుగుకి అడుగు ఒక దూరమా. కొబ్బరిచెట్టు దాకా వచ్చింది ప్లగ్గు పెట్టుకుని రాలేదు. జీఐ తీగతో సహా దింపించండి.


అల్లూరు_రొయ్యలు:

దింపేటప్పుడు మబ్బు లేని రోజు చూసుకోండి. మొన్న మాకు విపత్తుల సంస్థ నుంచి పిడుగుల హెచ్చరిక సెల్లుకి వచ్చిన పావుగంటలో దంచేసింది. ఇదంతా చదివాక నేను కూడా నా షెడ్డు మీద పైపుకి ఎర్తింగు చేయించాను, ఇన్నాళ్ళూ లేదు.


బుచ్చి_మిల్లు:

ఈరోజు పొద్దున్నే దింపించేశాం సార్. 5 జతల కేబుల్‌లో రాగి ఎంత వస్తుందోనని మావాడు తూకం వేస్తున్నాడు. క్యాట్ 6 మాత్రం కాటా గుమస్తా అడిగి పట్టుకెళ్ళాడు, మేడ మీద బట్టలు ఆరేసుకోవడానికి.